కత్తి పట్టేవారు ఎందరో, కట్టు కట్టేవారు కొందరే
జట్టు వీడియో ఆటలలో పాత్రల చరిత్ర

2011 ఏప్రిల్‌లో 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే వీడియో ఆటను నడిపే బ్లిజార్డ్ అనే అమెరికా కంపెనీ ఒక వింత ఏర్పాటు చేసింది. అప్పటికి ఆ ఆటకు ప్రపంచమంతటా కోటికి పైగా చందాదారులు ఉన్నారు. ఐదుగురేసి జట్టుగా ఏర్పడి, గుహలలోకి వెళ్లి, రాక్షసులతో పోరాడటం అందులో ముఖ్యమైన భాగం. ఆ ఐదుగురిలో ఒకరు దెబ్బలు కాచుకోవాలి. ఒకరు గాయాలు మాన్పాలి. మిగిలిన ముగ్గురు శత్రువును కొట్టాలి. ఒకరినొకరు ఎరుగని ఆటగాళ్లను జట్టుగా కూర్చే పని కంప్యూటరే చేసేది. అయితే కొట్టేవారు గుంపులుగా వచ్చి వరసలో నిలబడేవారు. కాచేవారు, మాన్పేవారు మాత్రం సరిపడా దొరికేవారు కారు. వారు రానిదే జట్టు పూర్తి కాదు కనుక కొట్టేవారు చాలాసేపు ఎదురుచూస్తూ కూర్చోవలసి వచ్చేది. చివరకు, ఏ పాత్రకు కొరత ఉంటే ఆ పాత్రను వేసినవారికి అదనంగా ఒక బహుమతుల సంచి ఇస్తామని కంపెనీ ప్రకటించింది.

వినోదం కోసం, పైగా సొంత డబ్బు కట్టి ఆడే ఆటలో ఒక పని చేయించడానికి ఇలా కూలి ఇవ్వవలసి రావడం ఆశ్చర్యం కాదా? అసలు ఈ పాత్రలను ఎవరు, ఎప్పుడు విడదీశారు? అందరూ కొట్టే పాత్రనే ఎందుకు కోరుకుంటారు? అది మనుషుల స్వభావమా, ఆట నియమాలు నేర్పిన అలవాటా? ఈ ప్రశ్నలకు జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

చదరంగ బలాలు

పాత్రల విభజన వీడియో ఆటలతో పుట్టినది కాదు. దాని వేర్లలో ఒకటి మన దేశంలోనే ఉంది. ప్రాచీన భారత సైన్యానికి రథ, గజ, తురగ, పదాతులనే నాలుగు అంగాలు ఉండేవి. అందుకే దానికి చతురంగ బలమని పేరు. ఆ సైన్యాన్ని గళ్ల బల్లపై నిలిపిన ఆట చతురంగం. ఏడవ శతాబ్దంలో బాణుడు రచించిన 'హర్షచరిత'లో దాని ప్రస్తావన కనిపిస్తుంది. మన చదరంగం దాని సంతానమే.

చదరంగంలో గుర్రం అడ్డు ఉన్న పావుల మీదుగా దూకగలదు, కాని దూరం పోలేదు. ఏనుగు ఎంత దూరమైనా పోగలదు, కాని తిన్నగానే పోవాలి. బంటు మెల్లగా నడుస్తుంది, వెనక్కి రాలేదు. ప్రతి పావుకూ ఒక బలం, ఒక లోపం. ఒకదాని లోపాన్ని మరొకదాని బలం పూడ్చాలి. జట్టు ఆటలన్నిటికీ మూలసూత్రం ఇదే.

పారశీక, అరబ్బు దేశాల మీదుగా ఐరోపాకు చేరిన చదరంగాన్ని 1780లో జర్మనీలోని బ్రన్‌స్విక్‌లో హెల్విగ్ అనే గణిత ఉపాధ్యాయుడు యుద్ధవిద్య నేర్పే ఆటగా మార్చాడు. వెయ్యికి పైగా గళ్లున్న బల్లపై కాల్బలాన్నీ, ఆశ్వికులనూ, ఫిరంగులనూ నడిపించాడు. 1824లో ప్రష్యా సైనికాధికారి రైస్‌విట్జ్ గళ్లను వదిలి, అసలు భూభాగపు పటం మీదనే ఆడే 'క్రీగ్‌ష్పీల్' అనే ఆటను ప్రచురించాడు. ఇందులో పాచికలు వేసి ఫలితం తేల్చేవారు. తీర్పు చెప్పడానికి ఒక మధ్యవర్తి ఉండేవాడు.

ఇక్కడే ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. చదరంగంలో దెబ్బ తిన్న పావు వెంటనే బల్ల దిగిపోతుంది. క్రీగ్‌ష్పీల్‌లో అలా కాదు. దళం కొద్దికొద్దిగా బలం కోల్పోతుంది, మిగిలిన బలంతో పోరాడుతూనే ఉంటుంది. అంటే గాయం ఒక అంకెగా మారింది. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని గాయం అంకె అయినప్పుడే ఆ అంకెను తిరిగి పెంచవచ్చుననే ఆలోచనకు తావుంటుంది. చదరంగంలో వైద్యుడికి పనే లేదు. చచ్చిన గుర్రానికి కట్టు కట్టి లాభం లేదు కదా!

సైన్యం నుంచి ఒక్క మనిషికి

యుద్ధ క్రీడలు ఇరవయ్యో శతాబ్దంలో సైనిక పాఠశాలలు దాటి సరదాగా ఆడుకునే పౌరుల చేతికి వచ్చాయి. అయితే అప్పటిదాకా ఒక ఆటగాడు అంటే ఒక సేనాపతి. వందలాది సైనికులు అతని అధీనంలో ఉండేవారు. 1969లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో డేవిడ్ వెస్లీ అనే యువకుడు 'బ్రౌన్‌స్టైన్' అనే ఆట నడిపాడు. అందులో ఒక్కొక్క ఆటగాడు ఒక ఊరిలోని ఒక్కొక్క మనిషి. ఒకరు ఊరి పెద్ద, మరొకరు విద్యార్థి, ఇలా ఎవరి పాత్ర వారిది, ఎవరి లక్ష్యం వారిది. ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ ఈ పద్ధతిని పట్టుకుని 'బ్లాక్‌మూర్' అనే కల్పిత రాజ్యాన్ని సృష్టించి, మిత్రులను దాని కింది గుహలలోకి నడిపించసాగాడు.

అదే కాలంలో, 1971లో, విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన గ్యారీ గైగాక్స్ మరొకరితో కలిసి 'చైన్‌మెయిల్' అనే మధ్యయుగపు యుద్ధ క్రీడ నియమాలు ప్రచురించాడు. దాని చివర మంత్రగాళ్లు, రాక్షసులు ఉండే అనుబంధం ఒకటి చేర్చాడు. అందులో మంత్రగాడి అగ్నిగోళం ఎంత మేర దెబ్బ తీస్తుందో చెప్పడానికి రాళ్లు విసిరే యంత్రాన్నీ, పిడుగుకు పెద్ద ఫిరంగినీ కొలమానంగా తీసుకున్నారు. అంటే నేటి వీడియో ఆటలలో నిప్పులు కురిపించే మంత్రగాడి తాత నిజానికి ఒక ఫిరంగి దళం. కత్తి పట్టిన వీరుడు కాల్బలానికి వారసుడు. సైన్యంలోని అంగాలు ఇలా వ్యక్తుల రూపం ధరించాయి.

ఆర్నెసన్, గైగాక్స్ కలిసి రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో వెలువడింది. మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు మాత్రమే. బల్ల చుట్టూ కూర్చుని మాటలతో, కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడే ఆట ఇది. ఇందులో మూడే తరగతుల పాత్రలు: యోధుడు, మంత్రగాడు, పూజారి. యోధుడు బలవంతుడు, బరువైన కవచం ధరిస్తాడు. మంత్రగాడికి కవచం లేదు, ఒక్క దెబ్బకే కూలిపోగలడు, కాని అనుభవం వచ్చిన కొద్దీ భయంకరుడవుతాడు.

మరి పూజారి సంగతేమిటి? బ్లాక్‌మూర్ ఆటలో ఒక ఆటగాడి పాత్ర రక్త పిశాచంగా మారి, మిగిలినవారెవరూ ఎదుర్కోలేనంత బలం పుంజుకుంది. తూకం కోసం, ఆనాటి భయానక చిత్రాలలోని పిశాచ వేటగాడిని పోలిన మతాధికారి పాత్రను సృష్టించారు. అచ్చయిన నియమాలలో ఆ పాత్ర సగం యోధుడు, సగం మంత్రగాడు. పదునైన ఆయుధాలు పట్టరాదు, మొద్దు ఆయుధాలే వాడాలి. దానికి ఇచ్చిన మంత్రాలలో గాయాలు మాన్పేది ఒకటి. మొదటి మెట్టులో ఉన్న పూజారికి ఆ మంత్రం కూడా రాదు! అంటే నేటి 'హీలర్'కు మూలపురుషుడు వైద్యుడిగా పుట్టలేదు, వేటగాడిగా పుట్టాడు. అయినా గుహలో దెబ్బలు తిన్న జట్టుకు ఆ ఒక్క మంత్రమే ప్రాణమయింది. క్రమంగా మిత్రులు అతని నుంచి మరేమీ ఆశించడం మానేశారు.

1975లో వచ్చిన 'గ్రేహాక్' అనే అనుబంధంలో నాలుగో తరగతి చేరింది: దొంగ. తాళాలు తీయడం, ఉచ్చులు పసిగట్టడం, చాటుగా నడవడం అతని విద్యలు. యోధుడు, మంత్రగాడు, పూజారి, దొంగ అనే ఈ చతుష్టయం తరువాతి యాభై ఏళ్ల ఆటలకు ఒరవడి అయింది.

మధ్యవర్తి స్థానంలో కంప్యూటరు

కాగితపు ఆట వచ్చిన ఏడాదికల్లా విద్యార్థులు దాన్ని కంప్యూటర్లలోకి ఎక్కించారు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి నెలకొల్పిన 'ప్లేటో' అనే కంప్యూటరు వ్యవస్థలో 1975 నుంచే గుహల ఆటలు కనిపించాయి. 1977లో అదే వ్యవస్థపై వచ్చిన 'ఊబ్లియెట్'లో వేరువేరు టెర్మినళ్ల ముందు కూర్చున్నవారు ఒకే జట్టుగా కలిసి వెళ్లగలిగారు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా 'మడ్' అనే ఆటను మొదలుపెట్టాడు. రిచర్డ్ బార్టిల్ దాన్ని పెంచి పెద్దచేశాడు. దానిలో బొమ్మలుండవు, అన్నీ మాటలే. 1991లో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయపు కంప్యూటరు విభాగంలోని విద్యార్థులు వదిలిన 'డీకూమడ్'లో యోధుడు, మంత్రగాడు, పూజారి, దొంగ నలుగురూ కొలువుదీరారు. దాని ప్రభావంతో బొమ్మలు జోడించి 1999 మార్చిలో విడుదలైన 'ఎవర్‌క్వెస్ట్' వేలాదిమందిని ఒకే కల్పిత ప్రపంచంలోకి తెచ్చింది.

ఈ ప్రయాణంలో ఒక చిక్కు ఎదురయింది. బల్ల చుట్టూ ఆడేటప్పుడు రాక్షసుడు ఎవరి మీద పడాలో మధ్యవర్తి నిర్ణయిస్తాడు. కథనుబట్టి, సందర్భాన్నిబట్టి ఆలోచిస్తాడు. కంప్యూటరు ఆలోచించలేదు. దానికి ఒక నియమం కావాలి, ఒక లెక్క కావాలి. ఆ లెక్కే కొత్త పాత్రలను పుట్టించింది.

రాక్షసుడి కోపం లెక్క

ఎవర్‌క్వెస్ట్ లోనూ, 2004 నవంబరులో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ లోనూ ప్రతి రాక్షసుడి దగ్గర ఒక రహస్యపు పద్దు ఉంటుందనుకోండి. తనను ఎవరు ఎంత బాధించారో అందులో రాసుకుంటాడు. ఎవరి ఖాతాలో కోపం ఎక్కువ పేరుకుంటే వారి మీద పడతాడు. వార్‌క్రాఫ్ట్‌లో స్థూలంగా ఒక పాయింటు నష్టం కలిగిస్తే ఒక పాయింటు కోపం. మిత్రుడి గాయాన్ని ఒక పాయింటు మాన్పితే అర పాయింటు కోపం. అంటే వైద్యం చేసినా రాక్షసుడికి కోపమే!

అయితే గురి మాటిమాటికీ మారకుండా మరో నియమం ఉంది. ప్రస్తుతం దెబ్బలు తింటున్నవాడి ఖాతాలో 1000 పాయింట్లు ఉన్నాయనుకుందాం. దగ్గరగా నిలబడి కొట్టేవాడి ఖాతా 1100 దాటితే గాని, దూరం నుంచి కొట్టేవాడి ఖాతా 1300 దాటితే గాని రాక్షసుడు అటు తిరగడు. ఈ నియమం తెలిసిన జట్టు ఏం చేస్తుంది? బలమైన కవచం ఉన్నవాడిని ముందు నిలిపి, కోపమంతా అతని ఖాతాలో చేరేలా చూస్తుంది. అందుకు తగినట్లు అతనికి రెచ్చగొట్టే విద్యలు ఇచ్చారు. యుద్ధ శకటం పేరు మీద ఆటగాళ్లు అతన్ని 'ట్యాంక్' అన్నారు.

ఇలా చేయడంలో లాభమెంతో చూడండి. రాక్షసుడి ఒక్కో దెబ్బ విలువ 300 అనుకుందాం. ట్యాంక్ కవచం దానిలో మూడింట రెండు వంతులు ఆపితే తగిలే దెబ్బ 100. హీలర్ ప్రతిసారీ 100 పాయింట్లు మాన్పితే చాలు. అదే దెబ్బ కవచం లేని మంత్రగాడిపై పడితే 300 మాన్పాలి, లేదా అతను చనిపోతాడు. కనుక ఒకరు దెబ్బలన్నీ తినాలి, ఒకరు అతన్ని నిలబెట్టాలి, మిగిలినవారు వీలైనంత త్వరగా శత్రువును కూల్చాలి. ఎవర్‌క్వెస్ట్‌లో శత్రువులను మంత్రంతో కదలకుండా చేసే పాత్రకు కూడా పెద్దపీట ఉండేది. యోధుడు, పూజారి, ఈ సమ్మోహనకారుడు కలిసి 'పవిత్ర త్రయం' అనిపించుకున్నారు. తరువాతి ఆటలలో ఆ మూడో స్థానం కొట్టేవారికి దక్కింది.

గమనించవలసినదేమిటంటే, ఈ త్రయాన్ని ఏ పుస్తకమూ ముందుగా శాసించలేదు. యంత్రానికి పెట్టిన లెక్క నుంచి అది పుట్టుకొచ్చింది.

లెక్క ఒకటి, మనసు ఒకటి

లెక్క ప్రకారం ఐదుగురిలో ఒకరు ట్యాంక్, ఒకరు హీలర్ కావాలి. మనుషుల ఇష్టాలు ఆ నిష్పత్తిలో ఉండాలని ఎక్కడుంది?

ఆటగాళ్ల అభిరుచులను వర్గీకరించిన తొలి ప్రసిద్ధ ప్రయత్నం బార్టిల్‌దే. తన ఆటలోని అనుభవజ్ఞుల మధ్య నెలల తరబడి సాగిన చర్చను ఆధారంగా చేసుకుని 1996లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఆటగాళ్లను పేకముక్కల నాలుగు రంగులతో పోల్చాడు. సంపద, హోదా పోగుచేసేవారు డైమన్లు. లోతులు తవ్వి రహస్యాలు కనిపెట్టేవారు ఇస్పేట్లు. నలుగురితో కబుర్లకు వచ్చేవారు ఆఠీన్లు. ఇతరులను చావమోదడంలో ఆనందించేవారు కళావర్లు. ఏ ఒక్క రంగూ పెరిగిపోకుండా చూసుకుంటేనే ఆట నిలుస్తుందని ఆయన వాదం. ఒకే ఆటలోకి మనుషులు వేరువేరు కోరికలతో వస్తారన్న సంగతి దీనితో అందరి దృష్టికీ వచ్చింది.

అయితే 'మనిషికో స్వభావం, స్వభావానికో పాత్ర' అని తేల్చేయడం తొందరపాటే అవుతుంది. ఆడపిల్లలు సహజంగా హీలర్ పాత్రను కోరుకుంటారనే మాట ఆటగాళ్లలో చాలాకాలంగా ఉంది. నిక్ యీ, ఆయన సహచరులు వార్‌క్రాఫ్ట్ ఆటగాళ్ల వాస్తవ ప్రవర్తనను లెక్కగట్టి 2011లో ఒక పత్రం సమర్పించారు. ఆ ఆటలో పురుషుడు స్త్రీ బొమ్మను, స్త్రీ పురుషుడి బొమ్మను ఎంచుకోవచ్చు. పురుషులు స్త్రీ బొమ్మతో ఆడినప్పుడు, పురుషుడి బొమ్మతో ఆడినప్పటికంటె ఎక్కువగా వైద్యం చేశారని తేలింది. వైద్యం చేసే గుణం మనిషి పుట్టుకలో ఉంటే బొమ్మ మార్చగానే ఎలా మారుతుంది? వేషానికి లోకం అంటగట్టిన పనిని వేషధారి తెలియకుండానే నెత్తికెత్తుకుంటున్నాడన్నమాట.

మరి కొరత ఎందుకు? కారణం పాత్రల పనిలోనే ఉంది. కొట్టేవారు ముగ్గురిలో ఒకరు పరాకుగా ఉంటే పోరాటం కొంచెం ఆలస్యమవుతుంది, అంతే. ట్యాంక్ ఒక్క క్షణం ఏమరితే జట్టంతా కూలిపోతుంది, నింద అతనిదే. ట్యాంక్ దారి తెలిసినవాడై ఉండాలి, ముందు నడవాలి. హీలర్ కళ్లు ఎప్పుడూ మిత్రుల ప్రాణాలు చూపే పట్టీల మీదే ఉండాలి, చుట్టూ జరిగే యుద్ధాన్ని చూసే తీరికే ఉండదు. పైగా ఎవరు ఎంత దెబ్బ తీశారో వరసగా చూపించే ప్రోగ్రాములను ఆటగాళ్లే తయారుచేసుకున్నారు. కొట్టినవారి గొప్ప అంకెలలో మెరుస్తుంది. కాచినవారి గొప్ప ఏమిటి? ఏమీ జరగకపోవడం. ఎవరూ చనిపోకపోవడం. జరగనిదాన్ని ఎవరు లెక్కిస్తారు?

కొరతకు మూడు మందులు

ఆటలు తయారుచేసేవారు ఈ కొరతకు వేరువేరు మందులు వాడారు.

మొదటిది కూలి. 2011 నాటి బహుమతుల సంచి ఈ కోవలోనిది. దానివల్ల కొందరు ముందుకు వచ్చినా, పాత్రలోని కష్టం, నింద అలాగే ఉండిపోయాయి. సంచి కోసం వచ్చినవాడికి సంచి మీదే ధ్యాస.

రెండోది కట్టుబాటు. 2016లో విడుదలైన 'ఓవర్‌వాచ్'లో ఆరుగురు జట్టుగా ఆడేవారు. ఎవరు ఏ పాత్రనైనా, ఆట మధ్యలోనైనా ఎంచుకునే స్వేచ్ఛ ఉండేది. సాధారణ ఆటలలో అందరూ కొట్టే పాత్రలకే ఎగబడేవారు. ఆరితేరిన జట్లలోనేమో ముగ్గురు ట్యాంకులు, ముగ్గురు సహాయకులతో, కొట్టేవారు అసలు లేకుండానే గెలిచే ఎత్తుగడ పాతుకుపోయింది. 2019లో కంపెనీ నియమం మార్చి, జట్టులో ఇద్దరు ట్యాంకులు, ఇద్దరు కొట్టేవారు, ఇద్దరు సహాయకులు ఉండి తీరాలన్నది. తగాదాలు తగ్గాయి, కాని కొట్టే పాత్ర కోరేవారి వరస పెరిగింది. 2022లో వచ్చిన రెండో ఆటలో జట్టును ఐదుగురికి కుదించి, ఒక ట్యాంకును తీసేశారు. మనుషులను పాత్రలకు సర్దలేక పాత్రలనే మనుషులకు సర్దారు.

మూడోది పని స్వరూపాన్నే మార్చడం. 1996లో ఆస్ట్రేలియా యువకులు 'క్వేక్' అనే ఆటకు మార్పులు చేసి 'టీమ్ ఫోర్ట్రెస్' తయారుచేశారు. తొమ్మిది పాత్రలలో ఒకటి వైద్యుడు. 2007లో వచ్చిన 'టీమ్ ఫోర్ట్రెస్ 2'లో ఆ వైద్యుడికి ఒక కొత్త శక్తి ఇచ్చారు. మిత్రులకు వైద్యం చేస్తున్న కొద్దీ ఒక కొలపాత్ర నిండుతుంది. నిండాక మీట నొక్కితే ఎనిమిది సెకన్లపాటు అతనికీ, అతను కాస్తున్న మిత్రుడికీ ఏ దెబ్బా తగలదు. బిగుసుకుపోయిన యుద్ధాన్ని మలుపు తిప్పేది ఆ ఎనిమిది సెకన్లే. ఎప్పుడు నొక్కాలో నిర్ణయించేది వైద్యుడే. వెనక ఉండి కట్టు కట్టేవాడి చేతికి జట్టు విజయపు తాళంచెవి వచ్చింది.

భారాన్ని పంచడం కూడా ఈ మార్గంలోదే. 2009లో మొదలైన 'లీగ్ ఆఫ్ లెజెండ్స్'లో చీకటి ప్రాంతాలలో శత్రువు కదలికలు కనిపెట్టడానికి నిఘా గుర్తులు పాతాలి. వాటిని ఆటలో సంపాదించిన బంగారంతో కొనాలి. ఆ ఖర్చు అలవాటుగా సహాయకుడి పాత్ర వేసినవాడి నెత్తిన పడేది. మిత్రులు మంచి ఆయుధాలు కొనుక్కుంటుంటే అతను నిరుపేదగా మిగిలేవాడు. 2013 చివరలో చేసిన మార్పులతో ప్రతి ఆటగాడికీ ఉచితంగా నిఘా సాధనం ఇచ్చి, ఒకరు పాతగల గుర్తుల సంఖ్యకు పరిమితి పెట్టారు. నిఘా అందరి బాధ్యత అయింది.

ఒక మహమ్మారి చెప్పిన పాఠం

కూలి లేకపోతే ఎవరూ వైద్యం చేయరా? దీనికి 2005 సెప్టెంబరులో అనుకోని జవాబు దొరికింది. వార్‌క్రాఫ్ట్‌లో హక్కర్ అనే రాక్షసుడు తనతో పోరాడేవారికి 'కలుషిత రక్తం' అనే అంటురోగం అంటించేవాడు. అది అతని గుడి దాటి రాకూడదు. కాని ఆటగాళ్ల పెంపుడు జంతువుల ద్వారా అది నగరాలలోకి పాకింది. బలహీనమైన పాత్రలు క్షణాలలో కుప్పకూలాయి. కొందరు పారిపోయారు. కొందరు కావాలనే రోగాన్ని వ్యాపింపజేశారు. కాగా వైద్య విద్య ఉన్న ఆటగాళ్లు కొందరు ఎవరూ పిలవకుండానే నగరాలకు వచ్చి, అపరిచితులను బతికించడానికి ప్రయత్నించారు.

ఎరిక్ లాఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్మన్ అనే శాస్త్రవేత్తలు 2007లో 'లాన్సెట్' వారి అంటువ్యాధుల పత్రికలో ఈ ఘటనను విశ్లేషించారు. మహమ్మారి సమయంలో మనుషుల ప్రవర్తన సమీకరణాలకు అందనంత విచిత్రంగా ఉంటుందనీ, ఇలాంటి కల్పిత ప్రపంచాలు దాన్ని పరిశీలించే ప్రయోగశాలలు కాగలవనీ సూచించారు. ఆ స్వచ్ఛంద వైద్యుల సేవ రోగులను మరికొంతసేపు బతికించి, రోగం మరింత పాకడానికి కూడా దోహదం చేసి ఉండవచ్చునని వారు గుర్తించారు. సదుద్దేశం ఒక్కటే చాలదు, రోగం సాగే తీరు కూడా తెలియాలి. అయినా మన ప్రశ్నకు జవాబు స్పష్టమే. మేలు చేయాలనే కోరికకు కరువు లేదు. రోజువారీ ఆటలో ఆ కోరికను కరిగించేది నింద, గుర్తింపు లేమి.

మన మైదానంలో

మన దేశంలో 2018 నుంచి 'పబ్జీ మొబైల్' ద్వారా లక్షలాది యువత జట్టు వీడియో ఆటలకు అలవాటుపడ్డారు. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 2021 జులైలో 'బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా' పేరుతో దాని భారతీయ రూపం వచ్చింది. ఈ ఆట నియమాలలో పాత్రల తరగతులు లేవు. అందరూ ఒకే రకం మనుషులు, దొరికిన తుపాకీ ఎవరైనా పట్టవచ్చు. అయినా నలుగురు సభ్యుల పోటీ జట్లలో దారి చూపే నాయకుడు, ముందు దూకే 'అసాల్టర్', దూరం నుంచి గురిపెట్టే 'స్నైపర్', వెనక కాచే 'సపోర్ట్' అనే విభజన ఏర్పడింది. పాత్రలు అవసరం నుంచి పుడతాయన్నదానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. ఇక్కడా తెర మీద పేరు పడేది కాల్చినవాడిదే. పడిపోయిన మిత్రుణ్ణి లేపడానికి తూటాల మధ్య కొన్ని క్షణాలు మోకరిల్లినవాడి పేరు ఎవరి చెవినా పడదు.

మన కబడ్డీనే చూడండి. కూత పెట్టి వెళ్లేవాడి మీదే అందరి కళ్లూ ఉంటాయి. కాని ప్రొ కబడ్డీలో ఒక నియమముంది. బరిలో ముగ్గురో అంతకంటె తక్కువమందో మిగిలినప్పుడు వారు కూతకు వచ్చినవాడిని పట్టేస్తే జట్టుకు ఒకటి కాదు, రెండు పాయింట్లు. దాన్ని 'సూపర్ ట్యాకిల్' అంటారు. ఆ ఒక్క నియమంతో, ఓడిపోతున్న జట్టులోని పట్టేవాళ్ల వైపు ప్రేక్షకుల చూపు తిరిగింది. పట్టేవాళ్ల స్వభావం మారలేదు. మారింది లెక్కించే పద్ధతి.

చతురంగ బలాల నుంచి నేటి వీడియో తెర దాకా సాగిన ఈ కథలో తేలేది అదే. పాత్రలు ఆట లెక్క నుంచి పుడతాయి. ఏ పాత్రకు ఎందరు వస్తారన్నది, ఆ లెక్కలో ఎవరి శ్రమ కనిపిస్తుంది, ఎవరిది కనిపించదు అన్నదానిపై చాలావరకు ఆధారపడుతుంది. ఒక పనికి ఎవరూ ముందుకు రానప్పుడు 'ఈ కాలం వాళ్లకు సేవాభావం లేదు' అనడం సులభం. కాని ఆట తయారుచేసేవారు ఆ మాట అని ఊరుకుంటే వారి ఆట మూతపడుతుంది. అందుకే వారు నియమాలను తిరగరాయడం నేర్చుకున్నారు.

మీ తరగతిలో నలుగురు కలిసి ఒక ప్రాజెక్టు చేసినప్పుడు వేదిక ఎక్కి మాట్లాడేది ఒకరు. కొలతలు సరిచూసినవారు, తప్పులు దిద్దినవారు, అలిగిన మిత్రుణ్ణి తిరిగి తెచ్చినవారు వేరొకరు. మార్కులు ఎవరి పనికి పడుతున్నాయి? మీ జట్టులో అందరూ తప్పించుకునే పని ఏది? ఆ పని స్వరూపాన్ని ఎలా మారిస్తే ఎవరో ఒకరు ఇష్టంగా అందుకుంటారు? ఈసారి ఆట మొదలయ్యేముందు ఒక్క నిమిషం ఆలోచించి చూడండి.